దక్షిణానికి తిరగని దొరవారికి

మహారాజశ్రీ సూర్యుని అయస్కాంత క్షేత్రం వారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉన్నా, మొన్న రాత్రి తర్వాత నా పక్షాన కుశలమని రాయడానికి చేయి రావడం లేదు. తమరు ప్లాస్మా మేఘమొకదాన్ని గురిచూసి భూమి మీదికే విసిరారనీ, సౌర తుఫాను తప్పదనీ రెండు రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. వాటిని నమ్మి, దీపాల వెలుగుకు దూరంగా చలిలో కెమెరా నిలబెట్టి, కటకానికి పదేపదే పట్టే మంచును చేతిరుమాలుతో తుడుచుకుంటూ, ధ్రువకాంతి కోసం, అదే ఆకాశంలో రంగులు పరిచే అరోరా కోసం, ఆరు గంటలు పడిగాపులు పడ్డాను. తమ నుంచి వీచే విద్యుదావేశ కణాల గాలి, అంటే సౌర పవనం, సెకనుకు 700 కిలోమీటర్ల వేగంతో రానే వచ్చింది. సాంద్రత పెరిగింది, క్షేత్రబలమూ పెరిగింది. అన్నీ ఉన్నాయి కానీ అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, దిక్కు మాత్రం ఉత్తరం.

ఆ పవనం మోసుకొచ్చే తమ క్షేత్రం దక్షిణానికి తిరిగితేనే భూమి క్షేత్రంతో ముడిపడి తుఫానుకు తలుపు తెరుచుకుంటుందనీ, ఉత్తరానికే ఉంటే ఆ వేగమంతా దాదాపు గుమ్మం బయటే వృథా అవుతుందనీ తమకు తెలియనిది కాదు. ఫోన్ తెరపై ఆ దిక్కును చూపే గీత (పైన ఉంటే ఉత్తరం, కింద ఉంటే దక్షిణం) రాత్రంతా సున్నాకు పైనే పాకింది. ఒక్కసారి కిందికి జారింది. నేను తొడుగు విప్పి మీట మీద వేలు పెట్టేలోగా తిరిగి పైకెక్కింది. దక్షిణానికి తిరగడానికి తమకు దక్షిణ ఏమైనా సమర్పించుకోవాలా? పైగా ఈ దిక్కు సంగతి, మేఘం ఇక్కడికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాలను తాకేదాకా, అంటే దాదాపు అరగంట ముందు వరకు, ఎవరికీ కచ్చితంగా తెలియనివ్వరు.

తమ జోరు పెరిగి తగ్గే పదకొండేళ్ళ చక్రం ఒకసారి తొమ్మిదేళ్ళకే ముగుస్తుంది, మరొకసారి పద్నాలుగేళ్ళకు చేరువవుతుంది. ధ్రువాలు తారుమారయ్యేటప్పుడు ఉత్తరం ఒకప్పుడు, దక్షిణం ఇంకొకప్పుడు మారతాయి. ఒకే ఇంట్లో ఉండి ఒకరితో ఒకరు సంప్రదించుకోరు కాబోలు. 2019లో నిపుణుల సంఘం ఈ చక్రం 2025 జులైలో, తమ ముఖం మీది నల్లమచ్చల సంఖ్య 115 దగ్గర శిఖరానికి చేరుతుందని చెప్తే, తమరు 2024 అక్టోబరులోనే 160 దాటి వారి పరువు తీశారు.

జోరు బాగా తగ్గిన కనిష్ఠ దశలో తమ మర్యాదకు వంక పెట్టలేము. 1994-95లో యులిసిస్ అంతరిక్ష నౌక తమ ధ్రువాల మీదుగా వెళ్ళి చూస్తే, అక్కడ వేగమైన పవనం, మధ్యరేఖ దగ్గర నిదానమైన పవనం, ఎక్కడివక్కడ సర్దినట్టు ఉన్నాయి. కానీ ఆ దశలో చూడటానికి ఏముంటుంది? 2008లో ఏకంగా 266 రోజులు తమ ముఖాన ఒక్క మచ్చ లేదు. గరిష్ఠ దశలో అన్నీ విసురుతారు, ఏది ఎటు తిరిగి వస్తుందో చెప్పరు. 2024 మే 10 రాత్రి, 2003 తర్వాత అంతటి తుఫాను రాలేదన్న ఆ రాత్రి, లద్దాఖ్‌లోని హాన్లేలో సైతం ఆకాశం ఎర్రబడిందట. అంతకు ముందు మూడు హెచ్చరికలు వట్టిపోయాయని, ఆ రాత్రి నేను దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నేను నిద్రపోయిన రాత్రే దక్షిణానికి తిరగాలా నువ్వు? మేలుకున్న రాత్రల్లా ఉత్తరమేనా? సిగ్గనిపించదా నీకు?

క్షమించండి, నోరు జారింది. తమరు చెలరేగిన కాలంలోనే సుదూరం నుంచి వచ్చే విశ్వకిరణాలు మా దాకా తక్కువగా చేరతాయన్న సంగతి మరచిపోలేదు. ఆ గొడుగు పట్టినందుకు కృతజ్ఞుణ్ణే.

ఇక చక్రం దిగుముఖం పడుతోంది. ఈ కాలంలో కరోనా రంధ్రాలు, అంటే తమ బయటి వాతావరణంలో వేగపవనం బయటికి వీచే చోట్లు, మధ్యరేఖ దాకా సాగి, వాటి వేగపవనాలు సుమారు 27 రోజులకొకసారి మళ్ళీ మళ్ళీ ఇటు తగులుతాయి. నిన్న ఎదురుగా ఉన్న పెద్ద రంధ్రం ఎప్పుడు తిరిగి వస్తుందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. కెమెరా బ్యాటరీ ఛార్జింగులో ఉంది. దక్షిణం, మహాప్రభో, దక్షిణం.

ఇట్లు,
నిద్ర చాలని ఒక భూవాసి