'వావ్ సిగ్నల్' కోడూ కాదు, సందేశమూ కాదు

"1977లో గ్రహాంతరవాసులు 72 సెకన్ల పాటు భూమికి సందేశం పంపారు. 6ఇక్యూయుజె5 (6EQUJ5) అనే ఆ కోడ్‌ను ఇప్పటికీ ఎవరూ ఛేదించలేదు. శాస్త్రవేత్తలు విషయం దాచేశారు." 'వావ్ సిగ్నల్' అనే రేడియో సిగ్నల్ గురించి వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న మాట ఇది. ఏడాది, 72 అన్న అంకె సరే. మిగతాది నిలవదు.

"కోడ్ ఛేదించలేదు"
అది వాళ్లు పంపిన రాత కాదు, మన ప్రింటరు వేసిన రాత. అమెరికాలోని ఒహాయోలో ఉన్న బిగ్ ఇయర్ రేడియో టెలిస్కోప్ 50 ఛానళ్లు వినేది, ఒక్కోటి 10 కిలోహెర్ట్జ్. 12 సెకన్లకోసారి ప్రతి ఛానల్లో సిగ్నల్ బలం, మామూలు రొదలో ఉండే ఒడుదొడుకుకి ఎన్ని రెట్లుందో, ఒక్క గుర్తుతో అచ్చయ్యేది. 9 దాకా అంకెలే. ఆపైన 10కి ఎ, 11కి బి, అలా 30కి యు. ఆ లెక్కన చదివితే 6, 14, 26, 30, 19, 5. గళ్ల కాగితం మీద గీసి చూడండి, గుట్టలా లేచి దిగుతుంది. భద్రపరిచింది ఈ బలాల అంకెలే, తరంగాన్ని రికార్డు చేయలేదు. కాబట్టి వీడియోల్లో వినిపించే "వావ్ సిగ్నల్ శబ్దం" కల్పితం.

"72 సెకన్లు పంపారు"
బిగ్ ఇయర్ తూర్పు పడమరలకు తిరిగేది కాదు. భూమి తిరుగుతుంటే ఆకాశమే దాని చూపు ముందు నుంచి జరిగిపోయేది. ఒక చుక్క ఆ చూపును దాటడానికి పట్టే కాలమే ఆ 72 సెకన్లు, అంటే ఆరు గుర్తులు. అసలు ప్రసారం ఎంతసేపు సాగిందో దీన్ని బట్టి చెప్పలేం. కానీ ఆ గుట్ట ఆకారం, ధనూరాశి వైపున్న ఒక స్థిర బిందువు నుంచి వచ్చే సిగ్నల్‌కు అచ్చంగా సరిపోయింది. ఆ ప్రింటు కాగితం చూసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జెర్రీ ఎహ్‌మన్ ఆ గుర్తులను ఎర్ర పెన్నుతో చుట్టి "వావ్" అని రాయడం అందుకే. ఆయన ఆశ్చర్యం న్యాయమైనదే.

"హైడ్రోజన్ ఫ్రీక్వెన్సీలోనే వచ్చింది కాబట్టి తెలివైనవాళ్లే"
టెలిస్కోప్ విన్నదే, హైడ్రోజన్ సహజంగా వెలువరించే 1420 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. వల వేసిన చోటే చేప దొరుకుతుంది. అయితే అది ఖగోళ పరిశోధనకు కేటాయించిన బ్యాండు, భూమ్మీద ప్రసారాలకు అనుమతి లేదు. అందుకే మన ట్రాన్స్‌మిటరే అని తేల్చేయడమూ అంత తేలిక కాదు.

అసలు గట్టి అభ్యంతరం ఇంకోటుంది, ఫార్వర్డుల్లో ఎప్పుడూ కనబడదు. బిగ్ ఇయర్‌కు పక్కపక్కనే రెండు హారన్లు, అంటే సిగ్నల్‌ను పట్టే కొమ్ముల్లాంటి గొట్టాలు, ఉండేవి. ఒకదానిలో వినబడింది సుమారు 3 నిమిషాల తేడాతో రెండోదాంట్లోనూ వినబడాలి. వినబడలేదు. ఎహ్‌మన్ బృందం ఆ తర్వాత ఎన్నోసార్లు అదే చోటు వెతికింది. 1990ల్లో రాబర్ట్ గ్రే అనే పరిశోధకుడు, న్యూ మెక్సికోలోని చాలా పెద్ద యాంటెన్నాల వరుసతో వెతికారు. మళ్లీ రాలేదు. మరోసారి, మరో టెలిస్కోప్‌కు అందని దాన్ని ఏ ఖగోళ శాస్త్రజ్ఞుడూ ఆవిష్కరణగా లెక్కపెట్టడు.

"దాచేశారు"
ఆ కాగితం ఫొటో ఎక్కడైనా దొరుకుతుంది, ఎర్ర సిరాతో సహా. 2017లో ఆ సిగ్నల్ తోకచుక్క నుంచి వచ్చిందన్నారు, నిలవలేదు. 2024లో శాస్త్రవేత్త ఆబెల్ మెండెజ్ బృందం, చల్లని హైడ్రోజన్ మేఘం ఒక్కసారిగా వెలిగి ఉండొచ్చని ప్రతిపాదించింది. అదీ ఊహే, ఇంకా రుజువు కాలేదు. బిగ్ ఇయర్‌ను మాత్రం 1998లో పడగొట్టేశారు.