అమిలాయిడ్ అంటే చెడిపోయిన ప్రోటీనేనా?

వాట్సాప్‌లో తిరుగుతున్న మాట: "అమిలాయిడ్ అంటే మడత తప్పిన ప్రోటీన్. బ్యాక్టీరియాలో పొరపాటున తయారై కణం లోపలే పేరుకుంటుంది. పేగుల్లో ఈ.కోలి ఉంటే అల్జీమర్స్ తప్పదు." ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

పొరపాటు కాదు. అమిలాయిడ్ అంటే ప్రోటీన్ అణువులు ఒకదానికొకటి పేనుకుని కట్టే గట్టి పీచు. ఈ.కోలి ఒంటిమీద ఉండే కర్లీ అనే పీచులు అమిలాయిడ్‌లేనని 2002లో తేలింది. వాటి కోసం పక్కపక్కనే రెండు ఆపెరాన్లలో (కలిసి పనిచేసే జన్యువుల గుంపుల్లో) ఏడు జన్యువులున్నాయి.

లోపల పేరుకోదు కూడా. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పీచుకు ముడిసరుకు సీఎస్‌జీ-ఏ అనే ప్రోటీన్. అది మడత పడకుండానే లోపలి పొర దాటి పెరిప్లాజంలోకి (లోపలి, బయటి పొరల మధ్య జాగాలోకి) వస్తుంది. అక్కడ సీఎస్‌జీ-సి అనే మరో ప్రోటీన్ కాపలా: పరీక్షనాళికలో 500 సీఎస్‌జీ-ఏ అణువులకు ఇదొక్కటున్నా పేనుకోవడం ఆగుతుంది. బయటి పొరలో తొమ్మిది సీఎస్‌జీ-జి అణువులు చేరి ఒక రంధ్రం కడతాయి. దాని ఇరుకు భాగం సుమారు 1 నానోమీటరే. సూదిబెజ్జంలో దారంలా, విడిగా ఉన్న గొలుసే అందులో దూరగలదు. బయటికి వచ్చాక సీఎస్‌జీ-బి తగిలితేనే పీచు మొదలవుతుంది.

సీఎస్‌జీ-బి జన్యువు తీసేసి చూడండి: సీఎస్‌జీ-ఏ కరిగిన రూపంలోనే బయటికి పోతుంది. ఆ బ్యాక్టీరియా పక్కనే, సీఎస్‌జీ-ఏ లేకుండా సీఎస్‌జీ-బి ఉన్న రకాన్ని ప్లేట్ మీద గీతలా పెంచితే పీచులు ఆ రెండోదాని మీద మొలుస్తాయి. లోపలే గడ్డకట్టేదైతే పక్కదానికి అందేదే కాదు.

సీఎస్‌జీ-ఏ నిర్మాణంలోనూ జాగ్రత్త ఉంది. అయిదు పునరావృత భాగాల్లో ఒకటోది, అయిదోది పీచు కట్టడంలో చురుకైనవి. మధ్య మూడింటిలోని కొన్ని గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లాలు వేగాన్ని తగ్గిస్తాయి. వాటిని మార్చేస్తే సీఎస్‌జీ-బి లేకుండానే పీచు కడుతుంది, కణానికి విషమవుతుంది.

స్వయంగా పరీక్షించేవాళ్లకు: ఉప్పు కలపని కాంగో రెడ్ (అమిలాయిడ్‌కు అంటుకునే రంగు) ప్లేట్ మీద 26 డిగ్రీల్లో 48 గంటలు పెంచితే కర్లీ ఉన్న కాలనీలు ఎర్రబడతాయి. సెల్యులోజ్ కూడా ఈ రంగు పట్టుకుంటుంది కాబట్టి పోలికకు సీఎస్‌జీ-ఏ జన్యువు తీసేసిన రకాన్ని పక్కన పెట్టుకోవాలి. ప్రోటీన్లను విప్పే డిటర్జెంట్ ఎస్‌డీఎస్‌లో మరిగించినా పీచు విడిపోదు, ప్రోటీన్లను వేరుచేసే జెల్‌లోకి దిగకుండా నమూనా పోసిన గుంటలోనే ఉండిపోతుంది. ముందు ఫార్మిక్ ఆమ్లంతో విడదీయకపోతే "ప్రోటీనే లేదు" అనుకుంటాం.

ఇక అల్జీమర్స్. ఆల్ఫా-సిన్యూక్లిన్ (పార్కిన్సన్స్‌లో మెదడులో పేరుకునే ప్రోటీన్) ఎక్కువగా తయారయ్యే ఎలుకల్లో కర్లీ ఉన్న ఈ.కోలి కదలికల లోపాన్ని పెంచిందని 2020లో చూపారు. అది ముఖ్యమైన ఫలితమే, కానీ పార్కిన్సన్స్ నమూనాలో, ఎలుకల్లో. ఈ.కోలి మాత్రం దాదాపు అందరి పేగుల్లోనూ ఉంటుంది; అందరికీ అల్జీమర్స్ రాదు.