ఊపిరిని లెక్కపెట్టండి

ఆయాసంతో వచ్చినవారి వేలికి ఆక్సీమీటరు తగిలించడం కోవిడ్ నాటి నుంచి అందరికీ అలవాటైంది. మంచిదే. కానీ అది రక్తంలోని ఆక్సిజన్ సంగతే చెబుతుంది. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుపోతోందా అన్నది దానికి తెలియదు. ఆక్సిజన్ పెట్టాక మరీను. మీటరు 98 చూపిస్తుండగానే రోగి మగతలోకి జారిపోవచ్చు.

అందుకే ఊపిరిని లెక్కపెట్టాలి. నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకుని, గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు. 25కు చేరితే డాక్టరు వెంటనే రావాలి. వార్డులో అందరి కేస్ షీట్లలోనూ 20 అనే ఉందంటే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం.

రెండు మాటలకోసారి ఆగడం, మెడ కండరాలు బిగుసుకోవడం, మంచం అంచున చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చోవడం ప్రమాద సూచనలు. అలా కూర్చున్నవారిని బలవంతాన పడుకోబెట్టకండి. గింజుకుంటున్నారని నిద్రమందు ఇవ్వకండి. 34 ఉన్న ఊపిరి 14కు పడి, పిల్లికూతలు ఆగి, కళ్లు మూతపడుతుంటే తగ్గిందని ఇంటివాళ్లు ఊరట పడతారు. నిజానికి రోగి అలసిపోయాడు, ఊపిరి ఆగబోతోంది.

సంచి ఉన్న మాస్కుకు నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల ఆక్సిజన్ ఇవ్వాలి, సంచి నిండాకే తొడగాలి. మామూలు మాస్కుకు 5 లీటర్లకు తగ్గిస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారికి మీటరు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. వారికి ఆక్సిజన్‌ను కొలిచినట్టు ఇచ్చే వెంచురీ మాస్కు మేలు. ఏబీజీలో (ధమని రక్తంలోని వాయువుల పరీక్షలో) రక్తపు ఆమ్లతను చెప్పే పీహెచ్ 7.35 కంటే తగ్గి కార్బన్ డయాక్సైడ్ 45 దాటితే బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) పెట్టి, గంటలో మళ్లీ ఏబీజీ చూడాలి.

ఈ జాగ్రత్తలు మన ఊరికి మరీ అవసరం. స్టైరీన్ విషవాయువు పీల్చి వందలాది మంది ఒక్కసారిగా ఆసుపత్రుల పాలైన 2020 మే 7ను చూసిన నగరం విశాఖ. పైగా మన్యం రోగులకూ పెద్ద దిక్కు ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి, మన కేజీహెచ్చే. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి రావాలంటే నూరు కిలోమీటర్ల పైమాటే. నిండు బి-టైపు సిలిండర్‌లో ఉండేది సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 15 చొప్పున గంటా నలభై నిమిషాలు వస్తుంది. సగమే ఉంటే యాభై నిమిషాలకే ఖాళీ, అప్పటికి అంబులెన్సు బండి ఇంకా దారిలోనే ఉంటుంది.

కాబట్టి రిఫర్ చీటీ మీద నాలుగు అంకెలు తప్పనిసరి చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం: నిమిషానికి ఊపిరి, మీటరు రీడింగు, ఇస్తున్న లీటర్లు, సిలిండర్ గేజీ. బండి కదిలేముందే అవతలి క్యాజువాలిటీకి ఫోన్ వెళ్లాలి, బైపాప్ సిద్ధంగా ఉండాలి. రెండో సిలిండర్‌తో పాటు దాన్ని తిప్పే స్పానర్ కూడా బండిలో ఉందో లేదో చూసుకోవాలి.