చెవి మెషిన్ అంటే మైకూ స్పీకరేనా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక ఫార్వర్డ్ మూడుసార్లు తిరిగింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇది: "వినికిడి మెషిన్ల పేరుతో లక్షలు దోచుకుంటున్నారు. లోపల ఉండేది ఒక మైకు, ఒక స్పీకరు, ఒక బ్యాటరీ. ఆన్‌లైన్‌లో 999కి దొరికేదీ అదే పని చేస్తుంది. పరీక్షలూ అక్కర్లేదు, అమెరికాలో డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ఒక చెవికి చాలు. అలవాటు చేసుకుంటే ఉన్న వినికిడీ పోతుంది. దానికంటే రోజూ రెండు చుక్కలు వెల్లుల్లి నూనె వేసుకోండి."

రాసినవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. అందులో కొంత న్యాయమూ ఉంది, దాని దగ్గరికి వస్తాను. కానీ ఇలాంటి మాటలే నమ్మి మూడేళ్ళ క్రితం నాన్నకి పన్నెండు వందలు పెట్టి ఒక మెషిన్ తెప్పించింది నేనే. అందుకని ఒక్కో మాటా విడదీసి చెప్పాలనిపించింది.

"లోపల ఉండేది మైకూ స్పీకరే." అవును, ఉండేవి అవే. కానీ వయసు మీద వచ్చే చెవుడు రేడియోలో వాల్యూమ్ తగ్గినట్టు రాదు. సాధారణంగా ముందు పోయేది కీచు శబ్దాలు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీవి. అ, ఆ, ఓ లాంటి అచ్చులు బరువుగా ఉంటాయి కాబట్టి బాగానే వినిపిస్తాయి. క, త, ప, స లాంటి సన్నటి హల్లులు జారిపోతాయి. వంటింట్లోంచి అమ్మ "పాలు పొంగాయి!" అని అరిస్తే నాన్న హాల్లోంచి "ఎవరికి కాళ్ళు పొంగాయి?" అని అడిగారు. ఆ రోజు అందరం నవ్వాం. మాట వినిపించింది, ఏ మాటో తెలియలేదు. చెవుడు మొదలైన చాలామంది "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అనేది దీనికే.

ఇలాంటి చెవికి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే మెషిన్ పెడితే ఏమవుతుంది? ఇంకో చిక్కు కూడా ఉంది: ఇలా దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం వినపడదు, పెద్ద శబ్దం మాత్రం మనకెంత పెద్దగా ఉంటుందో వాళ్ళకీ అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మా పిన్ని కొడుకు పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర నాన్న ఆ పన్నెండు వందల మెషిన్ పీకి జేబులో పడేశారు. స్టీలు గరిటెలు, గ్లాసుల చప్పుడు తలలో సుత్తి కొట్టినట్టు ఉందిట. పక్కన కూర్చున్న బాబాయి మాట మాత్రం అప్పుడూ అందలేదు. ఆ మెషిన్ ఇప్పటికీ పాత కళ్ళజోళ్ళ సొరుగులోనే ఉంది.

సరైన డిజిటల్ మెషిన్ వచ్చిన శబ్దాన్ని ముక్కలుగా విడదీసి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత లోటు ఉందో అక్కడ అంత పెంచుతుంది. చిన్న శబ్దాన్ని ఎక్కువ పెంచుతుంది, పెద్దదాన్ని తక్కువ. ఒక హద్దు దాటి అసలు పోనివ్వదు. ఈ అంకెలన్నీ మీ ఆడియోగ్రామ్ నుంచి, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వినపడుతోందో చూపే పరీక్ష పటం నుంచి రావాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా నాన్న చెవిలో ఉన్నదీ మా అత్తయ్య చెవిలో ఉన్నదీ రెండు వేర్వేరు మెషిన్ల కింద లెక్క.

ఇక దోపిడీ సంగతి. ఇక్కడే ఫార్వర్డ్‌కి సగం మార్కులు ఇస్తాను. ఒక్కో చెవికి పదిహేను ఇరవై వేల నుంచి రెండు లక్షలు దాటే దాకా ధరలున్నాయి. షాపులో ముందు చూపించేది పై మెట్టు మోడలే. అమెరికాలో మెంఫిస్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ కాక్స్ బృందం 2014లో మామూలు మోడళ్ళనూ ఖరీదైనవాటినీ సరిగ్గా అమర్చి, రోజువారీ జీవితంలో వాడించి పోల్చింది. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఇంట్లో, గుడిలో, నలుగురైదుగురి మధ్య మాట్లాడుకునే పెద్దాయనకి లక్షన్నర మోడలే కావాలని ఎవరైనా అంటే, దాంట్లో ఉన్నదేదో, తక్కువ దాంట్లో లేనిదేదో చెప్పమని నిలదీయండి. అన్నట్టు వినికిడి మెషిన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. కానీ ఆ అధ్యయనంలో "సరిగ్గా అమర్చి" అన్న మాట ఉంది చూశారా, ఫార్వర్డ్ కొట్టిపారేసింది సరిగ్గా దాన్నే.

అమెరికా ఉదాహరణా సగమే చెప్పారు. అక్కడ 2022 అక్టోబరు నుంచి చీటీ లేకుండా కొనుక్కునే వీలు వచ్చిన మాట నిజం. అది 18 ఏళ్ళు నిండి, లోపం స్వల్పంగానో మధ్యస్థంగానో ఉందనిపించే వాళ్ళకి మాత్రమే. ఆ మెషిన్ల శబ్దం ఎంతకు మించకూడదో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిమితి పెట్టింది. మన 999 డబ్బా మీద అలాంటి అంకె ఎప్పుడైనా చూశారా? ఇండియానా విశ్వవిద్యాలయంలో లారీ హ్యూమ్స్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. మంచి రకం మెషిన్లే ఇచ్చి, కొందరికి ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మెషిన్ అమర్చే నిపుణుడు అమర్చారు, కొందరిని సొంతంగా ఎంచుకోమన్నారు. వినికిడి రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా మెరుగుపడింది. ఆ తర్వాత ఉంచుకుంటారా అని అడిగితే మొదటివారిలో 81 శాతం ఔనన్నారు, రెండోవారిలో 55 శాతమే. అదీ ముందుగా పరీక్ష చేసి, లోపం ఎంతో తేల్చుకున్న మనుషులతో.

"పరీక్షలు అక్కర్లేదు" అన్నదే వీటన్నిటిలో ప్రమాదకరం. ముందు ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి చూడాలి. గులిమి గట్టిపడి అడ్డుపడితే మెషిన్ ఎందుకు? ఒక చెవి మాత్రమే మందగిస్తే కారణం వెతకాలి. తర్వాత ఆడియాలజిస్టు. మేం మొదట వెళ్ళిన చోట "ఉచిత పరీక్ష" అని బోర్డు ఉంది. ఏసీ మోగుతున్న గదిలో, తలుపు బార్లా తెరిచి, ఏడు నిమిషాల్లో తేల్చేశారు. పరీక్ష రిపోర్టు చేతికివ్వమంటే "మెషిన్ ఇక్కడే తీసుకుంటేనే ఇస్తాం" అన్నారు. లేచి వచ్చేశాం.

రెండో చోట శబ్దం దూరని గదిలో కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్లతో ఒకసారి, చెవి వెనక ఎముక మీద కంపించే చిన్న పరికరం పెట్టి ఒకసారి, తర్వాత తెలుగు మాటలు వినిపించి ఎన్ని సరిగ్గా చెప్పగలరో చూశారు. ఏ శబ్దం దగ్గర భరించలేకపోతున్నారో కూడా రాసుకున్నారు. గంటకు పైనే పట్టింది. మీరు వెళ్ళినప్పుడు పరీక్ష చేసే అమ్మాయో అబ్బాయో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారా అని అడగండి, సీఆర్ఆర్ అనే నమోదు నంబరు ఉంటుంది. అడిగితే తప్పేం లేదు. మెషిన్ పెట్టాక సన్నటి గొట్టం చెవిలోకి పంపి, కర్ణభేరి దగ్గరికి శబ్దం నిజంగా ఎంత చేరుతోందో కొలుస్తారా? కొనేముందు కొన్నాళ్ళు ఇంటికి ఇచ్చి చూసుకోనిస్తారా? ఊరు మారితే ఇంకెవరైనా ఇదే మెషిన్‌ను సెట్ చేయగలరా? ఈ మూడింటికి తడుముకునే చోట ఎంత డిస్కౌంటు ఇచ్చినా నేనైతే కొనను. డబ్బు ఇబ్బందైతే సికింద్రాబాద్‌లో వినికిడి, మాట లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తక్కువ ఆదాయం ఉన్న పెద్దలకి కేంద్రం వయోశ్రీ యోజన కింద మెషిన్లు ఇస్తోంది, 2017లో ఆ పథకం మొదటి శిబిరం పెట్టింది మన నెల్లూరులోనే.

ఒక చెవి మాట: రెండు చెవులూ మందగిస్తే సాధారణంగా రెండింటికీ కావాలి. శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో తెలిసేది రెండు చెవులతోనే. రోడ్డు దాటేటప్పుడు అది చిన్న విషయం కాదు. ఒకవైపు మాత్రమే పెట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు, అది ఆడియోగ్రామ్ చూసి చెప్పాల్సిన మాట.

సరిగ్గా సెట్ చేసిన మెషిన్ వల్ల ఉన్న వినికిడి పోదు. వయసుతో తగ్గేది మెషిన్ ఉన్నా లేకున్నా తగ్గుతుంది. వాడిన తర్వాత తీసేస్తే నిశ్శబ్దం ఎక్కువగా అనిపిస్తుంది, కళ్ళజోడు తీస్తే మసక ఎక్కువైనట్టు. మొదటి కొన్ని వారాలు చిరాకు తప్పదు. కొత్త మెషిన్ పెట్టుకున్న మూడో రోజు నాన్న హాల్లో ఫ్యాను పాడైందని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. అది నాలుగేళ్ళుగా అలాగే కిర్రుమంటోంది. రెండుసార్లు వెళ్ళి సెట్టింగులు మార్పించుకున్నాక కుదుటపడ్డారు.

మిగిలింది వెల్లుల్లి నూనె. చెవిలో పోసింది కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. దెబ్బతిన్నది దానికి చాలా లోపల, లోపలి చెవిలోని సన్నటి కణాలు. మనుషుల్లో అవి ఒకసారి పోతే మళ్ళీ రావు. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి కొత్త గొడవ తెస్తుంది. రాత్రి బాగానే విని పడుకున్న మనిషికి తెల్లారేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టు, గుయ్‌మంటూ, ఏమీ వినిపించకుండా ఉంటే అది నూనెతో కాలయాపన చేసే విషయం అసలే కాదు. స్టెరాయిడ్లు పనిచేసే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ. ఆ పూటే ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్ళండి.