వియత్నాం అమ్మే వుడ్ చిప్స్‌ను అడవి లెక్కలో వేయకండి

"వియత్నాం తన అడవుల్ని నరికి, ముక్కలు కొట్టి చైనాకు అమ్ముకుంటోంది. పక్కనున్న థాయ్‌లాండ్ 1989లోనే నరికివేత నిషేధించి అడవిని కాపాడుకుంది. ఇద్దరి వుడ్ చిప్స్ ఎగుమతులు పోల్చి చూడండి, మీకే తెలుస్తుంది." ఈ సందేశం నాకు ముగ్గురు పంపారు. సరే, పోల్చే చూద్దాం.

వుడ్ చిప్స్ అంటే కాగితపు గుజ్జు లాంటి వాటి కోసం చిన్నగా కొట్టిన కర్ర ముక్కలు. వాటి ఎగుమతి పెరిగిన మాట నిజం. వియత్నాం 2001లో అమ్మింది సుమారు 4 లక్షల టన్నులు. 2011 నాటికి అది 54 లక్షలైంది. 2022లో 150 లక్షలు దాటింది. తొలి రోజుల్లో పెద్ద గిరాకీ జపాన్‌ది, తర్వాత చైనాది. అయితే ఆ కర్ర ఎక్కడిదో సందేశం చెప్పదు. అందులో అధికభాగం మధ్య వియత్నాంలోని క్వాంగ్ ఙాయ్, బిన్ దిన్ లాంటి చోట్ల గుట్టల మీద రైతులు నాటుకున్న అకేషియా తోటలది. మన తుమ్మకు దగ్గరి చుట్టం ఈ చెట్టు, నాలుగైదేళ్లకే కోతకొస్తుంది. ఒక్కో ఇంటికి ఒకటి రెండు హెక్టార్లు ఉంటే ఎక్కువ. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ తోటలు కొట్టి పేపరు మిల్లుకు తోలితే అడవి నరికారని ఎవరైనా అంటారా?

ఎగుమతి ఇంతలా పెరిగిన కాలంలోనే ఆ దేశ అటవీ విస్తీర్ణం 1990 నాటి 28 శాతం నుంచి 42 శాతానికి చేరింది. ఇందులో తోటలూ కలిసే ఉన్నాయి. కొన్నిచోట్ల పలచబడ్డ సహజ అడవిని తీసేసి అకేషియా వేశారు కూడా. తోట అడవికి సాటి రాదు, ఆ మాట నేనూ అంటాను. కానీ సందేశం చేసిన ఆరోపణ అది కాదు.

థాయ్‌లాండ్ సంగతి. 1988 నవంబరులో దక్షిణాన వచ్చిన ఘోరమైన వరదల తర్వాత సహజ అడవుల్లో నరికివేత ఆపారు. రైతుల తోటలకు ఆ నిషేధం లేదు. వరి గట్ల మీద కూడా జామాయిల్ పెంచుతారు. ఆ దేశమూ చిప్స్ ఎగుమతి చేస్తుంది.

అసలు చూడాల్సింది దుంగల వ్యాపారం. నిషేధం పెట్టాక థాయ్ వ్యాపారులు బర్మా, లావోస్ అడవుల మీద పడ్డారు. వియత్నాం కూడా తన సహజ అడవిలో కోత తగ్గించుకుంటూ ఫర్నిచర్ ఫ్యాక్టరీలకు లావోస్, కంబోడియాల నుంచి దుంగలు తెచ్చుకుంది. 2016లో లావోస్ దుంగల ఎగుమతిని ఆపేయాల్సి వచ్చింది. పొరుగువాడి అడవి తరిగిన ఈ లెక్క చిప్స్ పట్టికలో కనిపించదు. ఆ సందేశం మీద నాకు కోపం ఇందుకే.

ఇంకొకటి, తూకం. పచ్చి చిప్స్ బరువులో దాదాపు సగం నీళ్లే. వ్యాపారంలో ఎండు టన్ను లెక్క వేరు, పచ్చి టన్ను లెక్క వేరు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఘనపు మీటర్లలో లెక్కిస్తుంది. కొట్టిన కర్ర మిల్లు ముందు వరుసలో రెండు రోజులు ఆగితే ఎంత తూకం పోతుందో మన రైతులకు తెలుసు. ఏ కొలతో చెప్పకుండా రెండు దేశాల అంకెలు పక్కపక్కన పెడితే అది పోలికే కాదు.

వియత్నాం ప్రభుత్వానికి కూడా కర్రంతా చిప్స్‌గా పోవడం ఇష్టం లేదు. 2016 నుంచి ఎగుమతి మీద 2 శాతం సుంకం వేసింది. తోటను పదేళ్లు ఉంచితే ఫర్నిచర్‌కు పనికొచ్చే లావు కర్ర వస్తుంది, ధరా ఎక్కువే. కానీ అన్నేళ్లు ఆగనీయకుండా ఒకపక్క ఇంట్లో అప్పు, ఇంకోపక్క తోటను పడగొట్టే తుఫాను భయం.