బాబాయి పంపిన ఆ మెసేజ్ గురించి

"కొలెస్ట్రాల్ మాత్రలు పడేయండి, పది రోజుల్లో రక్తం శుభ్రం!" ఈ మెసేజ్ నాకు ఈ నెలలో ఏడోసారి వచ్చింది. ఈసారి పంపింది మా బాబాయి. ఆయన గుండెలో స్టెంట్ ఉంది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

భోజనం తర్వాత వేడినీళ్లు తాగితే తిన్న నూనె గడ్డకట్టదట. ఒంట్లో ఎప్పుడూ 37 డిగ్రీలే, చన్నీళ్లు తాగినా కాసేపటికి అంతే. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నూనె మానేస్తే చాలు, రక్తం శుభ్రమట. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తాన్ని మెషీన్‌లో తిప్పాక పైకి తేలే సీరం లేత పసుపుగా, తేటగా ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, వెయ్యి దాటితే మజ్జిగలా తెల్లగా ఉంటుంది. అలాంటి శాంపిల్ ఇచ్చినవాళ్లలో "నేను నూనె ముట్టనండీ" అన్నవాళ్లూ ఉన్నారు. అన్నం, తీపి, మద్యం ఎక్కువైతే లివరే కొవ్వు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది.

ఎంజైమ్ క్యాప్సూల్ మింగితే అది రక్తంలోకి వెళ్లి కొవ్వును కోసేస్తుందట. ఆ పని చేసే ఎంజైమ్ మనకు ఉంది, పేరు లైపోప్రొటీన్ లైపేజ్. సన్నని రక్తనాళాల లోపలి గోడను పట్టుకుని ఉంటుంది. అపో సీ-2 అనే ప్రొటీన్ తోడైతేనే పని మొదలుపెడుతుంది. నోట్లో వేసుకున్న ఎంజైమ్ అక్కడిదాకా వెళ్లదు. అదీ ప్రొటీనే కాబట్టి పప్పులోని ప్రొటీన్‌లాగే పేగుల్లో అరిగిపోతుంది.

అసలు విషం తర్వాతి మాటలో ఉంది. "స్టాటిన్ లివర్ ఎంజైమ్‌ను చంపేస్తుంది, ఈరోజే ఆపండి, వెల్లుల్లి నిమ్మరసం తాగండి." చంపదు! స్టాటిన్ అంటే ఆ కొలెస్ట్రాల్ మాత్రే. అది కొలెస్ట్రాల్ తయారుచేసే ఒక్క ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తుంది. సొంత తయారీ తగ్గేసరికి లివర్ కణాలు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను (చెడ్డ కొలెస్ట్రాల్‌ను) పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లను ఎక్కువగా బయటపెడతాయి. ఈ రిసెప్టర్ల గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ వచ్చింది. ఎంజైమ్‌ను అడ్డుకోవడమే ఇక్కడ వైద్యం. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికి చేరుతుంది.

బాబాయి నెల రోజులు ఆపాడు. 64 ఉన్న ఎల్‌డీఎల్ 139 అయింది. ఆ ట్యూబ్ మీద పేరు రాసింది నేనే. సీరం చక్కగా, తేటగా ఉంది. ఎల్‌డీఎల్ కంటికి కనపడదు, నొప్పీ పెట్టదు. "ఏం కాలేదు కదరా" అన్నాడాయన. స్టెంట్ ఉన్న మనిషి చేత మాత్ర మాన్పించడానికి ఈ మెసేజ్ రాసినవాడెవడు? ఆయన రిపోర్టు చూశాడా? ఒళ్లునొప్పులు కొందరికి వస్తాయి, నిజమే. డాక్టర్‌కి చెబితే డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు.

ఆ మెసేజ్‌లో చివరి మాట మాత్రం ఒప్పుకోవాలి. తిన్నాక కూర్చోకుండా నడవమంది. కండలు కదిలితే వాటిలో ఆ లైపేజ్ పెరుగుతుంది, గంటల తరబడి కూర్చుంటే తగ్గుతుంది. అందుకే ఇప్పుడు సాయంత్రాలు బాబాయితో నేనూ నడుస్తున్నాను. రాత్రి మాత్ర మాత్రం పిన్ని ఆయన చేతికిచ్చి, మింగేదాకా పక్కనే నిలబడుతోంది.