సైలో పక్కన నిలిచిన రైలు, పదిహేను గంటల గడువు

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల పల్లెల్లో సైలోలు, అంటే ధాన్యం నిల్వ చేసే ఎత్తైన గోపురాలు, తరచుగా రైలు పట్టాలను ఆనుకునే కనిపిస్తాయి. అక్కడి ప్రమాదాల మీద చర్చ వచ్చినప్పుడల్లా గాల్లోకి లేచిన ధాన్యపు దుమ్ము అంటుకుని జరిగే పేలుళ్లను ఒక సమస్యగా, ధాన్యంలో మనుషులు కూరుకుపోవడాన్ని మరో సమస్యగా, లెవెల్ క్రాసింగ్ ప్రమాదాలను ఇంకో సమస్యగా విడదీసి చూడడం అలవాటైపోయింది. ఈ మూడింటి వెనుకా పట్టాల మీద నిలిచిన రైలు తెచ్చే తొందర ఉందనీ, నిబంధనలు పట్టించుకోకుండా వదిలేసింది దాన్నేననీ నా అభిప్రాయం.

ఒకే చోట ధాన్యం నింపుకుని నేరుగా గమ్యానికి వెళ్లే షటిల్ రైలు లెక్క చూస్తే ఈ తొందర ఎంతటిదో తెలుస్తుంది. సుమారు 110 హాపర్ వ్యాగన్లు (పైనుంచి నింపి అడుగు నుంచి ఖాళీ చేసే పెట్టెలు), ఒక్కోదానిలో దాదాపు 100 టన్నుల ధాన్యం. ఆ రైలును 15 గంటల్లో నింపి పంపిన ఎలివేటర్‌కు (ధాన్యాన్ని కొని, సైలోల్లో నిల్వ చేసి, రైళ్లకెక్కించే కేంద్రానికి) ప్రోత్సాహకం చెల్లించే పద్ధతి కొన్ని రైల్వే కంపెనీల్లో ఉంది. అంటే గంటకు ఏడు వ్యాగన్ల చొప్పున, రాత్రి పగలు తేడా లేకుండా నింపుతూ పోవాలి. బాగా ఆరిన గింజ అయితే సైలో అడుగు ద్వారం నుంచి సాఫీగానే జారుతుంది. తేమ వదలకముందే నిల్వ చేసిన మొక్కజొన్న అలా కాదు. అది బూజు పట్టి, గడ్డలు కట్టి, ద్వారానికి అడ్డుపడుతుంది, లేదా పైన గట్టి పెచ్చుగా నిలిచిపోయి అడుగున మాత్రం ఖాళీ అవుతుంది. బయట రైలు ఎదురుచూస్తుండగా ఎవరో ఒకరు ఇనుప కడ్డీ పట్టుకుని లోపలికి దిగుతారు.

ఆ తర్వాత జరిగేదంతా సెకన్లలో ముగిసిపోతుంది. అడుగున ధాన్యాన్ని బయటకు లాగే కన్వేయర్ నడుస్తుంటే ధాన్యం గరాటులోకి పారినట్టు మధ్యకు జారుతూ మనిషిని మోకాళ్ల దాకా పట్టేస్తుంది, ఇక సొంతంగా బయటపడడం అసాధ్యం. అర నిమిషం లోపే తల కూడా మునిగిపోవచ్చు. నడుము దాటి కూరుకుపోయిన మనిషిని తాడు కట్టి లాగితే అతని శరీరానికే గాయమవుతుంది కనుక, రక్షక సిబ్బంది చుట్టూ పలకలు దింపి గొట్టంలా అమర్చి, లోపలి గింజలను తోడిపోస్తారు. 2009లో పంట ఆలస్యంగా, తేమతో చేతికొచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2010లో, ధాన్యంలో కూరుకుపోయి కనీసం 26 మంది కార్మికులు చనిపోయారని వృత్తి భద్రతా సంస్థ ఓషా లెక్క తేల్చింది. ఆ ఏడాదే ఇల్లినాయిస్‌లో గడ్డలు పగలగొట్టడానికి సైలోలోకి పంపిన 14, 19 ఏళ్ల కుర్రాళ్లిద్దరు చనిపోయారు. వాళ్లకు రక్షణ తాళ్లూ లేవు, అడుగున యంత్రాన్నీ ఆపలేదు.

నిబంధనలు లేక ఇలా జరగలేదు. 1987 చివర్లో వెలువడిన ధాన్య నిర్వహణ ప్రమాణం ప్రకారం లోపలికి దిగేముందు యంత్రాలను ఆపి తాళం వేయాలి, గాలిని పరీక్షించాలి, ఒంటికి పట్టీలు బిగించి రక్షణ తాడు కట్టాలి, బయట కాపలా మనిషిని ఉంచాలి. కానీ పది మంది లేదా అంతకంటే తక్కువ మంది కూలీలున్న పొలాల్లో ఓషా నిబంధనల అమలుకు నిధులు ఖర్చు చేయరాదన్న షరతు 1976 నుంచి బడ్జెట్ చట్టాల్లో కొనసాగుతోంది. పొలం సైలోలో అడుగు పెట్టినవాడికీ, పట్టాల పక్క వాణిజ్య సైలోలో అడుగు పెట్టినవాడికీ ధాన్యం తీరులో తేడా ఏమీ ఉండదు.

పేలుళ్ల సంగతి కొంత మెరుగుపడింది. 1977 డిసెంబరులో లూసియానాలోని వెస్ట్‌వెగోలో 36 మంది చనిపోయిన పేలుడు, ఆ వెంటనే టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో జరిగినది పై ప్రమాణానికి దారితీశాయి. కీలక ప్రాంతాల్లో దుమ్ము అంగుళంలో ఎనిమిదో వంతు మందం దాటకముందే ఊడ్చాలన్న నియమం అందులోదే. అయినా 2011లో కాన్సాస్‌లోని అచిసన్‌లో రైలుకు మొక్కజొన్న నింపుతున్న సమయంలో ఎలివేటర్ పేలి ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు ధాన్యం తనిఖీకి వచ్చినవారు. రైలు వచ్చిందంటే దుమ్ము లేవడమే కాదు, మామూలుగా అక్కడ ఉండని మనుషులూ ఆ చోటికి చేరుతారన్న మాట.

వ్యాగన్ల మీది పరిస్థితి మరీ విడ్డూరం. నాలుగున్నర మీటర్ల ఎత్తున వ్యాగన్ పైకప్పు మీద నడుస్తూ మూతలు తెరిచే కార్మికుడు ఎలివేటర్ షెడ్డు కిందో, దాన్ని ఆనుకునో ఉంటే అతనికి కింద పడకుండా రక్షణ ఏర్పాటు అడగవచ్చు, బయట పట్టాల మీద ఉంటే అది లేదని తప్పుపట్టవద్దు అని 1996లో ఓషా తన తనిఖీ అధికారులకు సూచించింది. మనిషీ, ఎత్తూ, మంచు పట్టిన ఇనుమూ రెండు చోట్లా ఒకటే. సైడింగ్‌లో, అంటే ప్రధాన లైను పక్కనుండే పట్టాల మీద, బారులు తీరిన అవే వ్యాగన్లు, వాటి వెనుక సైలోలు కలిసి ప్రధాన లైను మీద వచ్చే రైలును లారీ డ్రైవరుకు కనబడనివ్వవు. గేటుగానీ సంకేత దీపంగానీ లేని క్రాసింగ్‌లో అతనికి దిక్కు చెవులే.

శిక్షణ, తనిఖీ, జరిమానా అవసరమే. అవన్నీ ఎలివేటర్ యజమాని మీద పనిచేస్తాయే తప్ప గడువు విధించేవాడి జోలికి వెళ్లవు. సైలోలోకి మనిషి దిగాల్సి వస్తే యంత్రాలతో పాటు లోడింగ్ గడువు లెక్క కూడా ఆగాలి. ప్రోత్సాహకంలో ఆ సమయాన్ని మినహాయించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రైల్వే కంపెనీ తన ధరలూ షరతులూ ప్రకటించే టారిఫ్ పత్రంలో ఒక నిబంధన సరిపోతుంది. యజమానులు దీన్ని వాడుకుని గడువును సాగదీస్తారన్న అభ్యంతరం రావచ్చు. యజమానిగానీ అతని ప్రతినిధిగానీ ఆసాంతం దగ్గరుంటే తప్ప లోపలికి దిగడానికి రాతపూర్వక అనుమతి ఇప్పటికే తప్పనిసరి. ఆ కాగితాన్ని ప్రతిసారీ రాయించి, అందులోని సమయం మేరకే మినహాయింపు ఇస్తే సరిపోతుంది.